ఎర్ర కాడ, పచ్చ కాడ

మొన్న జూన్‌లో మా అమ్మాయి స్వాతి, నేను కలిసి మనవణ్ణి తీసుకుని, కెనడాలో మేముండే ఏజాక్స్‌కి ఉత్తరాన ఉన్న ఒక తోటకి స్ట్రాబెర్రీలు కోయడానికి వెళ్ళాం. ఇక్కడ ఎండాకాలం రాగానే అదొక ముచ్చట. డబ్బులు మనమే ఇచ్చి, నడుము మనమే విరగ్గొట్టుకుని, పళ్ళు మనమే కోసుకుని, పైగా తోటవాడికి థాంక్స్ చెప్పి రావాలి. మనవడి పేరు విహాన్. వచ్చే సెప్టెంబరుకి ఒకటో తరగతిలోకి వెళ్తాడు. వాడికో చిన్న బుట్ట ఇచ్చి, ఎర్రగా పండినవే కోయమని స్వాతి చెప్పింది. వాడు సాళ్ళ మధ్య దూకుతూ వెళ్ళి, మా ఇద్దరికంటే ముందే బుట్ట నింపుకుని వచ్చాడు. చూస్తే సగం పండినవి, సగం గట్టి పచ్చికాయలు. “ఏంట్రా ఇది, అన్నీ కోసేశావ్? ఓన్లీ రెడ్ వన్స్ అని చెప్పాగా?” అంది స్వాతి నవ్వుతూ. వాడు బుట్టలోకి చూశాడు. తర్వాత వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. మళ్ళీ బుట్టలోకి చూశాడు. “దే ఆర్ రెడ్, మమ్మీ,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి కళ్ళు కాయల మీద లేవు, వాళ్ళమ్మ మొహం మీదే ఉన్నాయి. సాళ్ళ మధ్య పరిచిన ఎండుగడ్డి మీద అలాగే కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని స్వాతి నీళ్ళసీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. వస్తువును చూడమంటే, దాన్ని చూస్తున్న మనిషి మొహాన్ని చూసే చూపు. మా నాన్నది అదే. ఎవరితో మాట్లాడినా మొహంలోకి చూసి మాట్లాడతాడు కాబట్టి మా నాన్నంత మర్యాదస్తుడు లేడని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నీకీ భయం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే, ఆ మర్యాద వెనక ఏముందో తెలిసిన సాయంత్రం దగ్గర మొదలైందని చెప్తాను. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు. నేను పిరికిదాన్నని మా ఆయన జీవితాంతం వెక్కిరించారు. వెక్కిరించనీ, పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

అప్పట్లో మేం ఏజాక్స్‌కి దగ్గర్లోనే ఉన్న ఒషావాలో ఉండేవాళ్ళం. తెనాలిలో ఆరో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఉన్నట్టుండి ఇంగ్లీషు క్లాసులో పడ్డ పిల్లని నేను. తమ్ముడు చంటి ఇంకా బడికి వెళ్ళేవాడు కాదు. ఇప్పుడు ఒషావా బస్‌స్టాపులో నిలబడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది. కాలేజీ పిల్లలు ఒకరు వరంగల్ యాసలో, ఒకరు నెల్లూరు యాసలో పార్ట్‌టైమ్ షిఫ్టుల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఇండియన్ స్టోర్లలో గోంగూర కట్టలు కట్టలుగా దొరుకుతుంది. అప్పుడు తెలుగు వినాలంటే మా ఇంట్లోవాళ్ళ నోటే వినాలి, ఆకుకూర తినాలంటే మేమే పండించుకోవాలి. అమ్మ ఒక నర్సింగ్ హోమ్ లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు చేసేది. పొద్దున్నే కూర వండిపెట్టి, నా జడ వేసి, చంటికి తినిపించి, దుప్పట్లు ఉతికే సబ్బు వాసన ఇంకా వదలని ఆ యూనిఫామే మళ్ళీ తొడుక్కుని వెళ్ళేది. నాన్న కార్లలో వేసే వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. రకరకాల రంగుల వైర్లు తీసి, ఏ రంగుది ఆ రంధ్రంలో గుచ్చి, అన్నిటినీ కలిపి టేపు చుట్టడం ఆయన పని. సాయంత్రం కారు వచ్చి ఇంటి ముందు ఆగేది, ఆయన మాత్రం వెంటనే దిగేవాడు కాదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అలా కూర్చునేవాడు. కొన్ని రోజులు, చలికాలంలో కూడా, చొక్కా వీపంతా తడిసి ఉండేది. లోపలికొచ్చి చల్లనీళ్ళతో మొహం చాలాసేపు కడుక్కుని, కుక్కర్లో అన్నం పడేసేవాడు. కాళ్ళు పీకే పనేమో అనుకునేవాళ్ళం.

ఆయన పొరపాట్లన్నీ మాకు నవ్వులాట. తెనాలిలో ఉన్నప్పుడు ఒకసారి అమ్మ పుట్టింటికి వెళ్తే, నాన్నే నాకు రెండు జడలు వేసి బడికి పంపాడు. ఒక జడకి ఎర్ర రిబ్బను, ఇంకో జడకి ఆకుపచ్చ రిబ్బను. టీచరు నన్ను బెంచీ ఎక్కించింది. నాన్నని అడిగితే, “రెండూ రిబ్బన్లేగా?” అన్నాడు. టమాటాలు తెమ్మంటే దోరవీ పండినవీ కలిపి తెచ్చేవాడు. “ఆయన బుద్ధి బజార్లో ఉండదు, ఎక్కడో ఉంటుంది,” అని అమ్మ సాధించేది. చీరల కొట్టుకి ఒంటరిగా వెళ్ళనే వెళ్ళడు. ఒషావాలో మా ఇంటి ముందు పెద్ద మేపుల్ చెట్టు ఉండేది. అక్టోబరులో దాని ఆకులు ఎర్రబారగానే, దారినపోయేవాళ్ళు కూడా ఆగి ఫొటోలు తీసుకునేవాళ్ళు. మేమందరం “అబ్బ!” అంటే, ఒక్క క్షణం ఆగి నాన్న కూడా “అబ్బ, ఎంత బాగుందో!” అనేవాడు. అప్పుడు ఆయన చెట్టుకేసి కాక మాకేసి చూస్తూ అనేవాడని నాకు గుర్తొచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. అలాగని ఆయన చూపు మందం కాదు. ఎండిపోయిన గడ్డిలో కదలకుండా కూర్చున్న కుందేలుని అందరికంటే ముందు ఆయనే పట్టేవాడు. మేం వెతుక్కుంటూ ఉండగా, “అదుగో, చెవులు,” అనేవాడు.

మేం వచ్చిన రెండో ఏడు నాయనమ్మ వచ్చింది, మాతోనే ఉండిపోవడానికి. ఆవిడకి షుగరు ఉంది, దాంతో కిడ్నీలు కూడా కాస్త దెబ్బతిన్నాయని అక్కడి డాక్టరు చెప్పి పంపాడు. అయినా నాలుక మాత్రం చచ్చిపోలేదు. వస్తూ వస్తూ చీరకొంగున ముడేసుకుని చుక్కకూర విత్తనాలు తెచ్చింది. ఎయిర్‌పోర్టులో ఎవరైనా పట్టుకుంటే ఏం చేసేదానివని అడిగితే, “నా కొంగు వాళ్ళకెందుకు?” అంది. పక్కింట్లో ఒక పోలండ్ ముసలావిడ ఉండేది, మేం బామ్మగారనే పిలిచేవాళ్ళం. ఆ విత్తనాలు చల్లుకోవడానికి ఆవిడ పెరట్లో ఒక మూల మాకు ఇచ్చింది. సరిగ్గా దాని పక్కనే ఆవిడ రూబార్బ్ వేసుకుంది. లావుపాటి ఎర్రటి కాడలు, పైన పెద్ద పెద్ద ఆకులు. ఆ కాడలు గోంగూరంత పుల్లగా ఉంటాయి. ఆవిడ వాటితో ‘పై’ అనే తీపి రొట్టె చేసుకునేది, మాకిచ్చినవాటితో అమ్మ ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పచ్చడి నూరేది. గోంగూర లేని దేశంలో అదే మాకు గోంగూర. అయితే గోంగూరలో ఆకు తిని కాడ పారేస్తాం. దీనికి అంతా తలకిందులు. కాడే తినాలి, ఆకు విషం. బామ్మగారు ఈ సంగతి నాకు చెప్పి, నా చేత అమ్మకి చెప్పించింది. రెండూ పక్కపక్కనే పెరుగుతున్నాయి కదా అని అమ్మ హడలిపోయి, మా అందర్నీ నిలబెట్టి ఎక్కంలా వల్లె వేయించింది. “ఎర్ర కాడ ఆకు విషం, పచ్చ కాడ ఆకు కూర. ఏదీ, చెప్పండి!” నేను చెప్పాను, చంటి చెప్పాడు, నాయనమ్మ చెప్పింది. నాన్న కూడా నవ్వుతూ చెప్పాడు.

నేను మొదట చెప్పిన ఆ సాయంత్రానికి అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. పొద్దున వండిన కూర నాయనమ్మకి సయించలేదు. “ఒరే అబ్బాయ్, చుక్కకూర ఎదిగుంటుందిరా. ఇంత పప్పులో పడేస్తే నోరు బాగుపడుద్ది,” అంది. “నువ్వు కూర్చోమ్మా, నేను కోసుకొస్తా,” అని నాన్న గిన్నె తీసుకుని పక్క పెరట్లోకి వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నాడు. మడి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. వంగి కాడల్ని బొటనవేలితో తడిమి చూశాడు. పురుగుల కోసమేమో అనుకున్నాను. ఆయన లెక్క వేరే ఉందని తర్వాత తెలిసింది. రంగుతో పెట్టిన గుర్తు ఆయనకి అక్కరకు రాదు కాబట్టి, పెద్దాకులు విషం, చిన్నాకులు మనవి అని తన గుర్తు తను పెట్టుకున్నాడు. అన్ని రోజులూ అది సరిపోయింది కూడా. కానీ అంతకు కొద్దిరోజుల ముందే బామ్మగారు చర్చిలో విందుకని రూబార్బ్ అంతా మొదలంటా లాగేసింది. అక్కడ కొత్తగా లేత చిగుళ్ళు వచ్చి, చుక్కకూర ఎత్తునే, ముడతలు ముడతలుగా, ముద్దుగా ఉన్నాయి. ఆయన గిన్నె నిండా కోసుకొచ్చాడు. కుక్కరు కూత వేసింది, తిరగమోతలో వెల్లుల్లి ఘుమఘుమలాడింది. ఆ పులుపు వాసనకి నా నోట్లో నీళ్ళూరాయి.

షుగరు మనిషి కాబట్టి నాయనమ్మకి ముందు వడ్డించేవాళ్ళం. ఆవిడ మొదటి వాయి అంతా తినేసి, రెండోసారి పెట్టించుకుంటూ ఉండగా నేనూ చంటీ కూర్చున్నాం. “పులుపు బ్రహ్మాండంగా ఉందిరా, కానీ నాలిక మీద చురుక్కుమంటందేంట్రా?” అంది. వేలితో కంచంలోంచి చిన్న కాడ ముక్క ఒకటి తీసి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని చూసింది. ఉడికి మెత్తబడినా దాని ఎరుపు పోలేదు. నాయనమ్మ నాన్నకేసి చూసింది. తర్వాత ఆవిడ అంత వేగంగా కదలడం నేను మళ్ళీ చూడలేదు. ఒక చేత్తో నా కంచం అవతలికి నెట్టి, రెండో చెయ్యి చంటి నోట్లో పెట్టి వాడి ముద్దంతా బయటికి లాగేసింది. “పిల్లలకి పెట్టొద్దు. ఉప్పు ఎక్కువైంది,” అంది. నేను ఆవిడ అరచేతిలో ముక్క చూసి కేక పెట్టాను. “నాన్నా, ఎర్ర కాడ!” నాన్న దగ్గరికి వచ్చి, ఆ అరచేతి మీద వంగి చూశాడు. చూసి తలెత్తి నాయనమ్మ మొహం చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ ముక్కని చూశాడు. ఆ క్షణంలో, ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైపోయింది. ఆయనకి అది కనిపించడం లేదు. ముక్క కనిపిస్తోంది, ఎరుపు కనిపించడం లేదు. నాయనమ్మ విషం తిన్నదన్న భయం కంటే ముందు నన్ను పట్టుకున్న భయం అది.

నాయనమ్మ సింక్ దగ్గరికి వెళ్ళేలోపే కక్కుకుంది. నేను పరిగెత్తి బామ్మగారిని పిలుచుకొచ్చాను. ఆవిడ చెత్తలో పడేసిన కాడలు చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, “హాస్పిటల్, నౌ!” అని అరిచింది. వెనక సీట్లో నాయనమ్మ, ఒళ్ళో బకెట్టు, పక్కన ఏడుస్తున్న చంటి. డాక్టర్లతో మాట్లాడాలి కాబట్టి నేనూ బయల్దేరి ముందు సీట్లో కూర్చున్నాను. కారు కదిలి మొదటి సిగ్నలు దగ్గరికి వచ్చేసరికి నాకు ఇంకో సంగతి తట్టింది. ఈయనకి ఎరుపు కనిపించకపోతే ఇన్నాళ్ళూ కారు ఎలా నడిపాడు? మమ్మల్ని రోజూ ఇందులోనే కదా కూర్చోబెట్టాడు? “నాన్నా, రెడ్! రెడ్!” అని గొంతు చించుకున్నాను. “తెలుసమ్మలూ, పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే వెళ్ళాలి. నాకా మాత్రం తెలుసు,” అన్నాడు. కానీ అప్పుడు పొద్దు వాలుతోంది. రోడ్డు పడమటికి తిరిగింది. ఎండ నేరుగా సిగ్నలు వెనక నుంచి కళ్ళలోకి కొడుతోంది. ఏ దీపం వెలిగిందో మామూలు కళ్ళకే తెలియని వేళ. నాన్న కారు నెమ్మది చేసి పక్క కార్లకేసి చూస్తున్నాడు. వెనకవాడు హారన్ కొట్టాడు. “పైదో కిందదో తెలియట్లేదమ్మా. నువ్వు చెప్పు. ఏ రంగు?” అన్నాడు. ఆయన నన్ను రంగు అడగడం అదే మొదలు, అదే చివర. నేను రెండు చేతులూ కళ్ళ మీద గొడుగులా పట్టుకుని, హాస్పిటల్ దాకా ప్రతి దీపానికీ రంగు అరుస్తూనే ఉన్నాను.

ఎమర్జెన్సీలో ఒక డాక్టరమ్మ వచ్చి ఎన్ని ఆకులు, ఎంతసేపయింది, ఎవరు కోశారు అని అడిగింది. నేను ఆ ప్రశ్నలు మావాళ్ళకి తెలుగులో చెప్పాను. నాయనమ్మ వాంతికీ వాంతికీ మధ్య ఆయాసపడుతూ, “నేనే కోశానని చెప్పవే. కళ్ళకి శుక్లాలున్నాయని చెప్పు,” అంది. నేను నాన్నకేసి చూశాను. ఆయన గోడ మీద ఏదో బొమ్మ చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ ఏం చెప్పమందో నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. చంటికి ఏమీ కాలేదన్నారు. నాయనమ్మ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ ఆకులో ఉండేది కిడ్నీలని పట్టుకుంటుందిట, ఆవిడవి అసలే బాగాలేవు, ఒంట్లోంచి నీళ్ళు సరిగ్గా బయటికి వస్తున్నాయో లేదో చూస్తూ ఉండాలన్నారు. ఈలోగా ఎవరో కబురు చేస్తే అమ్మ యూనిఫామ్‌తోనే వచ్చింది. వస్తూనే ఏడుపూ కోపమూ కలగలిపి, “అత్తయ్యా, ఎన్నిసార్లు చెప్పాను మీకు! ఎర్ర కాడ ముట్టుకోవద్దని పిల్లలకి కూడా నోటికొచ్చే!” అంది. “నాదే పొరపాటమ్మా,” అంది నాయనమ్మ కళ్ళు మూసుకుని. అప్పుడు నాన్న ఇటు తిరిగాడు. “అమ్మ కొయ్యలేదు. నేను కోశాను. నాకు తేడా తెలియలేదు,” అన్నాడు.

“ఏం తేడా?” అంది అమ్మ.

“ఎరుపుకీ పచ్చకీ.”

“అంటే? చీకటి పడిందా అప్పటికి?”

“చీకటి కాదే. ఎప్పుడూ తెలియదు. పుట్టినప్పట్నుంచీ అంతే.”

అమ్మ ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. నెమ్మదిగా, “మరి ఆ వైర్లు?” అంది. అంతే. ఆ మాటతో నాన్న అక్కడి కుర్చీలో కూలబడిపోయాడు. ఫ్యాక్టరీలో రంగు రంగుకీ ఒక డబ్బా ఉంటుందట. ఏ డబ్బా ఎక్కడుందో వరస కంఠతా పట్టాడు. రాత్రి షిఫ్టువాళ్ళు డబ్బాల వరస మార్చి వెళ్ళిన రోజున, పక్కన ఉన్నవాడు ఏది తీస్తే అది చూసి తీసి, ఒక్కో వైరు రెండుసార్లు, మూడుసార్లు సరిచూసుకునేవాడట. తప్పు వైరు పడిన కారు రోడ్డు మీద ఎక్కడో పోతోందేమో, అందులో పిల్లలున్నారేమో అని ఇంటికొచ్చేదారంతా అదే ఆలోచనట. వాకిట్లో కారు ఆపి కూర్చునేది అందుకన్నమాట. ఇంట్లో ఇంతమంది ఉండగా ఒక మనిషి రోజూ అంత భయాన్ని టిఫిన్ బాక్సుతోపాటు పట్టుకెళ్ళి పట్టుకొచ్చాడు.

నాయనమ్మ బతికింది. కిడ్నీలు పని మొదలుపెట్టాయని చెప్పేదాకా అమ్మా నేనూ ఆ హాస్పిటల్ కుర్చీల్లో కూర్చుని, నర్సు అడుగుల చప్పుడైతే చాలు లేచి నిలబడేవాళ్ళం. నాన్న మర్నాడే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పేశాడు. పని పోలేదు. అట్టపెట్టెలు ఎత్తే సెక్షన్‌కి మార్చారు. నడుము విరిగే చాకిరీ, కానీ ఆ తర్వాత ఆయన వాకిట్లో కారాపి కూర్చోవడం నేను చూడలేదు. అమ్మ మాత్రం ఒకటి మనసులో పెట్టుకుంది. నాయనమ్మ ఇంటికి వచ్చాక ఒక రోజు అన్నం దగ్గర అడిగేసింది. “ఇన్నేళ్ళు కాపురం చేశాను. నా బొట్టు ఏ రంగో మీకు తెలియదా?” నాన్న అన్నాడు, “ఎరుపని తెలుసుగా.” “తెలుసంటే ఎవరో చెప్తే తెలుసు. కనిపించి కాదు,” అంది అమ్మ. నాయనమ్మే అందుకుంది. పిల్లవాడు కాస్త ఎదిగాక జామకాయ తెమ్మంటే పండూ పచ్చిదీ తేడా తెలియకపోతే ఆవిడకి అర్థమైందట. ఆవిడ నాన్నదీ అదే చూపట. ఉద్యోగం రాదనీ, పిల్లనివ్వరనీ భయపడి, నెత్తురు ఎరుపు, ఆకు పచ్చ, కుంకం ఎరుపు, చిలక పచ్చ అని పాఠంలా నేర్పి, “ఎవర్నీ అడక్కు, నవ్వుతారు,” అని చెప్పి పెంచిందట. ఆ చెప్పడమే ఆయనకి ఎముకల్లోకి ఇంకిపోయింది.

మరి నీకు ఎలా కనిపిస్తుంది నాన్నా అని నేను గుచ్చిగుచ్చి అడిగేదాన్ని. పసుపు, నీలం తనకి చక్కగా కనిపిస్తాయనేవాడు. ఆకాశం మనకంటే తనకే ఎక్కువ నీలమేమో అని నవ్వేవాడు. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం ఒకే బురద రంగులోకి దిగిపోతాయట, ఎండుగడ్డికీ మట్టికీ మధ్యలో ఎక్కడో. పండుమిరపకాయ చెట్టుకి ఉన్నంతసేపూ అది ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, తెంపి తెల్లకంచంలో పెడితే అప్పుడు ముదురుగా కనిపిస్తుంది. “ఎరుపు అనగానే మీ మొహాల్లో ఏదో కదులుతుందే. నాకు అది మాట మాత్రమే,” అన్నాడోసారి. మరుసటి ఎండాకాలం మాంట్రియల్ వెళ్ళాం. అక్కడ సిగ్నళ్ళు నిలువుగా కాక అడ్డంగా పడుకుని ఉంటాయి. పైదీ కిందదీ లేదు. మొదటిదాని దగ్గర నాన్న బిగుసుకుపోయాడు, నేను వెనక సీట్లో కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ఆయన నవ్వు వినిపించింది. ఎర్ర దీపం చతురస్రంగా ఉంది, ఆకుపచ్చది గుండ్రంగా ఉంది, మధ్యది డైమండు ఆకారంలో ఉంది. “ఈ ఊళ్ళో ఎవడో నా గురించి ఆలోచించాడే!” అన్నాడు అమ్మతో. ఆయన అంత తేలిగ్గా నవ్వడం చూసి అమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అలా అంతా తేటపడిపోతే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు. హాస్పిటల్ నుంచి వచ్చిన కొత్తలో నా తలకి నూనె రాస్తూ నాయనమ్మ ఒక మాట అంది. “మా నాన్న దగ్గర్నుంచి నేను మోసి నా కొడుక్కిచ్చాను. ఆడదానికి రాదు, ఆడది మోస్తది. రేపు నువ్వూ మోస్తావే అమ్మలూ.” తర్వాత పుస్తకాల్లో చదివితే ఆవిడ చెప్పింది చాలావరకు నిజమని తెలిసింది. పెళ్ళయ్యాక నాకు కడుపు వచ్చినప్పుడు అందరూ కొడుకో కూతురో అని ముచ్చటపడుతుంటే, నేను మాత్రం కూతురు కావాలని మొక్కుకున్నాను. స్వాతి పుట్టింది. గండం గడిచిందనుకున్నాను. గడవలేదు, ఒక మెట్టు దిగిందంతే.

ఇక నాన్న సంగతి. ఆయన రిటైరై, ఏజాక్స్‌కి మా దగ్గరికి వచ్చాక, ఒక రోజు బాత్రూమ్‌లో ఫ్లష్ నొక్కడం మరిచిపోయాడు. తర్వాత వెళ్ళిన అమ్మ కేక విని నేను పరిగెత్తాను. కమోడ్‌లో నెత్తురు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని డాక్టరు అడిగితే, “ఈమధ్య కాస్త ముదురుగా వస్తోంది. నీళ్ళు తక్కువ తాగుతున్నానేమో అనుకున్నా,” అన్నాడు. నెలల తరబడి ఆయన రోజూ తన నెత్తురు తను చూసుకున్నాడు, ఆయనకది నెత్తురులా కనిపించలేదు. మూత్రసంచిలో మొదలైన క్యాన్సర్ గడ్డ అప్పటికే ఒళ్ళంతా పాకింది. ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. అమ్మ ఆయన మంచం పట్టుకుని, “ఏవండీ, నన్నొక్కసారి పిలిచి చూపించొచ్చుగా, ఏ రంగో చూడమని?” అని ఏడ్చింది. ఆయన సిగ్గుపడ్డాడు. చావు ముందర కూడా సిగ్గుపడ్డాడు మా నాన్న. “దాన్ని చూడమని ఎవర్నైనా ఎలా పిలుస్తామే?” అన్నాడు.

స్ట్రాబెర్రీ తోట నుంచి వచ్చిన వారంలోనే స్వాతి విహాన్‌ని కంటి డాక్టరుకి చూపించింది. నేను అనుకున్నదే. నేను మంచమెక్కినంత పని చేస్తే స్వాతి విసుక్కుంది. “అమ్మా, ఇట్స్ నాట్ ఎ డిసీజ్. వాడి క్లాసులో ఇంకో అబ్బాయికి కూడా ఉందట. టీచర్ క్రేయాన్స్ మీద పేర్లు రాసి ఇచ్చింది. నువ్వు వాణ్ణి భయపెట్టకు.” నిజమే, వాడికి భయం లేదు సరికదా గొప్పగా ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, “ఐ సీ డిఫరెంట్ కలర్స్!” అని చెప్తున్నాడు. నా పెళ్ళి దాకా మా ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకున్న మాట అది. కాలం మారినందుకు సంతోషించాలి. సంతోషిస్తున్నాను కూడా, కానీ వాడు నిండుగా పండిన ఒక చెట్టు కింద నిలబడినా, ఏదైనా తీసి నోట్లో పెట్టుకోబోయినా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని చూస్తుంటాను. తాతగారి సంగతి స్వాతికి తెలుసు. తను కొడుక్కి పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఏది తేడాగా అనిపించినా, ఎక్కడైనా సరే, ఎవర్నైనా సరే రంగు అడగమని మాత్రం చెప్పింది.

నిన్న స్వాతి ఆఫీసుకి వెళ్ళింది, ఇంట్లో వాడూ నేనూ. నేను వంటింట్లో పప్పు మెదుపుతున్నాను. బాత్రూమ్‌లోంచి వాడి గొంతు ఖంగుమంది. “అమ్మమ్మా! కమ్ అండ్ సీ! కమ్ ఫాస్ట్!” నా చేతిలో పప్పుగుత్తి కింద పడింది. మోకాళ్ళ నొప్పి ఏమైందో తెలియదు, ఎలా వెళ్ళానో తెలియదు. వాడు నిక్కరు మోకాళ్ళ దాకా వేలాడుతుండగా కమోడ్ పక్కన నిలబడి, లోపలికి వేలు చూపిస్తున్నాడు. “వాట్ కలర్ ఈజ్ ఇట్, అమ్మమ్మా?” వంగి చూశాను. చూపు మసకబారితే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. “పసుపే కన్నా. ఉత్త పసుపు,” అన్నాను. “ఓకే,” అని వాడు ఫ్లష్ నొక్కి, చేతులైనా కడుక్కోకుండా ఆడుకోవడానికి పరిగెత్తాడు. నేను తలుపు గడియ వేసుకుని, కమోడ్ మూత మీద కూర్చుని, బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకుని, భోరున ఏడ్చాను.